చౌమహల్లా గోడల్లో డంగు సున్నం

చార్మినార్ దాటి, లాడ్ బజార్ గాజుల దుకాణాల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్తే ఖిల్వత్ వస్తుంది. అక్కడ చౌమహల్లా ప్యాలెస్‌లో అడుగుపెట్టిన వారెవరైనా ముందు దర్బారు హాలు వైపే వెళ్తారు. 19 బెల్జియం షాండ్లియర్లు, నిజాం గద్దె వేసిన పాలరాతి వేదిక, గదుల్లో పాత ఫొటోలు, దుస్తులు, ఆయుధాలు, ఇంకో పక్కన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ కారు. అన్నీ చూడదగ్గవే. అయితే ఈ మ్యూజియంలోని అతి పెద్ద వస్తువుకు అద్దాల పెట్టె లేదు. అది ఈ భవనాల గోడలను కప్పిన సున్నపు గచ్చు.

ఈ ప్యాలెస్ నిర్మాణం 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పాలనలో, 1857-69 మధ్య అది పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ల వల్ల చౌమహల్లా అన్న పేరు వచ్చింది. ఒకప్పుడు 45 ఎకరాల్లో పరచుకున్న ఆవరణలో ఇప్పుడు మిగిలింది 12 ఎకరాలే. ఆ మిగిలినదాంట్లోనే పచ్చిక, చెట్లు, ఫౌంటెన్లున్న నీటికొలను, వాటి చుట్టూ కమానులు. నీటిమీదుగా వచ్చే గాలి కమానుల్లోంచి హాల్లోకి వీస్తుంది. ఇంత తడి పక్కన ఉన్నా ఆ గోడలు ఇన్నేళ్లు నిలిచాయంటే, ఆ ఘనత చాలావరకు సున్నానిదే.

సున్నం తయారీ నిప్పుతో మొదలవుతుంది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రాయిలోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి తేలికైన గడ్డ మిగులుతుంది. దానిమీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి, పొంగి, విచ్చిపోతుంది. ఆ ముద్దను గుంటలో నానబెడతారు. ఎంత నానితే అంత వెన్నలా సాగుతుంది. తొందరపడి వాడితే లోపల విచ్చుకోని పలుకులు తర్వాత గోడమీద పొక్కులై లేస్తాయి.

తర్వాత గానుగ. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక వేసి, ఎద్దులు లాగే బరువైన రాతి చక్రంతో నూరేవారు. ఇలా నూరి తీసిందే డంగు సున్నం. తడి తగిలే చోటికి ఇటుక పొడి కలుపుతారు. అది సున్నంతో కలిసి నీటికి ఓర్చుకునే గట్టితనం ఇస్తుంది. బెల్లం నీళ్లు ముద్దను చేతికి లొంగేలా చేస్తాయి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు పట్టు పెంచుతాయి. మారేడు గుజ్జు, మినుములు నానిన జిగురు, నున్నటి పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా పనికొచ్చేవి. ఏది ఎంత అన్నది ఊరినిబట్టి, మేస్త్రీనిబట్టి మారేది. ముద్దను వేళ్లతో నలిపి చూసి పాకం తెలుసుకునేవారు.

గోడమీద మొదట ముతక పూత, అది ఆరాక మెత్తని పూత, చివర సన్నని పూత. పువ్వులు, లతలు, కమాను అంచుల మీది నగిషీలు ముద్ద పచ్చిగా ఉండగానే చేత్తో దిద్ది, చిన్న ఇనుప పనిముట్లతో చెక్కాలి. ఆరాక దిద్దలేరు, ఆరకముందు వదల్లేరు. ఆ కాస్త వ్యవధిలోనే మేస్త్రీ పనితనమంతా బయటపడుతుంది. చివర నున్నటి రాయితో రుద్దితే గచ్చు పాలరాయిలా మెరుస్తుంది. ఆపైన సున్నం నెమ్మదిగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి రాయవుతుంది. బట్టీలో పోయినదాన్ని గోడమీద తిరిగి తెచ్చుకుంటుందన్నమాట.

సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. చలికీ వేడికీ తగ్గట్టు కాస్త ముడుచుకుంటుంది, సాగుతుంది. సన్నని పగుళ్లు వచ్చినా, వాననీటిలో కరిగిన సున్నం వాటిలో చేరి పూడ్చగలదు. సిమెంటుకు ఈ ఓర్పు లేదు. పాత గోడమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పేరుకుంటుంది, చివరకు పూతతోపాటు పాత ఇటుకా పెచ్చులూడుతుంది. అందుకే 2013లో గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణ చేపట్టిన ఆగాఖాన్ ట్రస్ట్ అక్కడి సిమెంటు పూతలు తీయించి, మళ్లీ సున్నమే వేయించింది. ఇలాంటి శ్రమకు గుర్తింపూ దక్కుతుంది: చౌమహల్లా పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. మరోపక్క, 1591 నాటి చార్మినార్ నుంచి 2019 మే నెలలో గచ్చు పెళ్ల ఊడిపడింది. కట్టడం ఎంత గొప్పదైనా, దాన్ని చూసుకునే చేతులు ఎప్పుడూ ఉండాలని ఆ సంఘటన చెప్పింది.

ఆ చేతులే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. పని ఉంటేనే మేస్త్రీ తన కొడుక్కి ఆ విద్య నేర్పుతాడు. పని ఇవ్వాల్సింది మనం. చౌమహల్లాకు శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఒక ఉదయం పిల్లలతో వెళ్లండి. షాండ్లియర్లు చూశాక కొలను పక్కన కూర్చుని కమానుల మీది పువ్వులను తీరిగ్గా చూడండి, అవి ఎలా పూశాయో పిల్లలకు చెప్పండి. మీ ఊళ్లో పాత గుడినో, మసీదునో, తాతల నాటి మండువా ఇంటినో బాగుచేయించే రోజు వస్తే, సిమెంటు బస్తా తెప్పించే ముందు డంగు సున్నం తెలిసిన మేస్త్రీ కోసం వాకబు చేయండి.