ఎగుమతి పింగాణీ: అలంకారమా, ఆడంబరమా?

జపాను మృత్కళ అనగానే ఢిల్లీలోని రసికులకు ముందుగా స్ఫురించేది నిరాడంబరత. 1919లో ఆ దేశానికి వెళ్లి కుంభకార విద్య నభ్యసించి, 1952లో ఢిల్లీ బ్లూ ఆర్ట్ పాటరీని స్థాపించిన సర్దార్ గుర్‌చరణ్ సింగ్ ప్రభావం ఈ అభిరుచి వెనుక ఉంది. అట్టి దృష్టితో హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలోని ఇమారి, సత్సుమా పాత్రల బంగారు జిలుగులను చూచినప్పుడు, ఇవి పరదేశీయుల మెప్పు కోసం చేసిన అంగడి సరుకని తేల్చివేయడం సులభం. ఆ తీర్పు న్యాయమా?

ఇమారి అనేది రేవు పేరు. పాత్రలు తయారైనది క్యూషూ దీవిలోని అరితా ప్రాంతంలో. మింగ్ వంశ పతనకాలపు అల్లకల్లోలం వల్ల చైనా పింగాణీ రాక సన్నగిల్లగా, 17వ శతాబ్ది మధ్యకాలంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ అరితా పనివారిని ఆశ్రయించింది. మెరుగుపూత కింద నీలం, దానిపై ఎరుపు, బంగారం: ఇదీ ఇమారి వర్ణక్రమం. మేలైన ఇమారి పళ్లెంలో ఖాళీ జాగా స్వల్పమే. అయినా ముదురు నీలం గీసిన హద్దులు అలంకారాన్ని అదుపులో ఉంచుతాయి. పళ్లెం పళ్లెంగానే నిలుస్తుంది.

సత్సుమా సంగతి వేరు. దంతపు వన్నె, దానిపై సన్నని పగుళ్ల వల, ఆపైన రంగులు, బంగారం. 1867 నాటి పారిస్ ప్రదర్శన తరువాత గిరాకీ పెరగగా, క్యోటో, యొకొహామా వంటి నగరాలలో సైతం ఆ పేరిటనే పాత్రలు వెలువడ్డాయి. ఉత్తమమైన వాటిలో సూక్ష్మచిత్రకారుని ఓర్పు కనిపిస్తుంది. నాసిరకం వాటిలో బంగారం పాత్రనే మింగివేసింది. ఇక్కడ దోషం ఎగుమతిది కాదు, త్వరపాటుది.

ఈ వివేచన మనకు మరింత అవసరం. పారశీకుల అభిరుచికీ, ఐరోపా వారి శయ్యాగృహాలకూ తగినట్లు కలంకారీ అద్దకాలు వేసినవారు మన మచిలీపట్నం ప్రాంతపు పనివారే. కోరమండల్ తీరపు అద్దకపు బట్టలు జపాను చేరి, 'సరసా' అనే పేరుతో అక్కడి తేనీటి గోష్ఠుల రసికుల మన్నన పొందాయి. పరుల కోసం చేసినంత మాత్రాన కళ హీనమవుతుందంటే, ముందుగా మన కలంకారీనే తోసిపుచ్చవలసి వస్తుంది.

మూడవ సాలార్ జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ (1889-1949) సేకరణలు ప్రధానంగా గల ఆ మ్యూజియాన్ని 1961లో పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. ఇటువంటి వస్తువుల పక్కన దేశం, శతాబ్ది మాత్రమే పేర్కొంటే చాలదు. ఏ ఊరి ఆవంలో కాలినది, ఏ రేవున ఓడ ఎక్కినది, ఎవరి కోరికపై తయారైనది కూడా చెప్పాలి. కొనేవాని కోరికను మన్నిస్తూనే తన చేతి గౌరవాన్ని నిలుపుకొన్న పనివాడు అప్పుడే మనకు దర్శనమిస్తాడు.