క్విన్స్ చెట్టు చెంత

మాడ్రిడ్ నగరమున ఒక యింటి పెరటిలో, 1990వ సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున, ఏబదినాలుగేండ్ల చిత్రకారుడొకడు నేలలో రెండు మేకులు దిగగొట్టెను. ప్రతిదినమును తన బూట్ల కొనలు ఆ మేకులకు తగులునట్లు నిలిచినచో, నిన్న చూచిన చోటనుండియే నేడును చెట్టును చూడవచ్చునని ఆయన తలంపు. పిమ్మట, తాపీపనివాడు గోడ నిలువును సరిచూచుటకు వ్రేలాడదీయు గుండు వంటిదానిని చెట్టు నెదుట వ్రేలాడగట్టి, అడ్డముగా ఒక దారమును బిగించెను. ఆకులమీదను, పండ్లమీదను తెల్లని రంగుతో సన్నని గీతలు పెట్టెను. ఇంత సన్నాహము జరిగిన తరువాతగాని వర్ణలేపనము సాగలేదు.

ఆయన పేరు ఆంటోనియో లోపెజ్ గార్సియా. ఆ శరత్కాలమంతయు ఆయన ప్రక్కన నిలిచి విక్తోర్ ఎరీసే అను దర్శకుడు తీసిన చలనచిత్రము 1992లో కాన్ ఉత్సవమున జ్యూరీ బహుమానము నందెను. ‘ఎల్ సోల్ దెల్ మెంబ్రియో’ అని దానికి పేరు; క్విన్స్ పండ్లు పక్వమునకు వచ్చు వేళ కాయు ఎండ యని చెప్పవచ్చును. క్విన్స్ మన పెరళ్లలో పండు ఫలము కాదు. ఆపిలునకును, బేరికాయకును దగ్గరి చుట్టమైన యీ పండు బంగారు వన్నె కలిగి, గట్టిగాను వగరుగాను ఉండుటచే, స్పెయిన్ దేశీయులు దానిని చక్కెరతో ఉడికించి ముద్దగా చేసికొని తిందురు. రూపమున వంకరయైనను పరిమళమున ఘనమైనది. మన దబ్బపండును తలచుకొన్నచో కొంత పోలిక దొరకును.

లోపెజ్ 1936 జనవరిలో, లా మాంచా మైదానమునందలి టోమెయోసో అను పట్టణమున జన్మించెను. అతని చేతిలోని విద్యను మొదట గుర్తించినవాడు పినతండ్రి. ఆయనయు చిత్రకారుడే, ఆయన పేరును ఆంటోనియో లోపెజే. పదుమూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు మాడ్రిడ్ చేరి, ప్రాచీన శిల్పముల అచ్చుబొమ్మల నెదుట కూర్చుండి గీసి గీసి చేయి తీర్చుకొని, మరుసటియేట సాన్ ఫెర్నాండో లలితకళా విద్యాలయమున ప్రవేశించెను. 1961లో పెండ్లియాడిన మరియా మొరేనో తానును మంచి చిత్రకారిణి. పై చలనచిత్రమునకు ఆమె నిర్మాణభారము వహించుటయే కాక, తెరమీద భర్తను మంచముపై పరుండబెట్టి తన పటమును తాను వ్రాసికొనుచు కనబడును. ఆస్టూరియాస్ రాకుమార పురస్కారము, వెలాస్కెజ్ పురస్కారము మొదలగు గౌరవములు ఆయనను వెదకికొని వచ్చినవి.

ఆయన చిత్రముల యెదుట జనులు మొట్టమొదట పలుకు మాట ‘అచ్చము ఫొటోవలె నున్నది’ అనునది. ఈ మాట నన్ను నొప్పించును. 1967లో వ్రాసిన చేతులు కడుగుకొను తొట్టి చిత్రమునే చూడుడు: పైన అద్దము, దాని క్రింద క్షౌరపుటుపకరణములు మొదలగువానితో ఒక గాజు పలక, దాని క్రింద తొట్టి. అద్దమును ఎదుటినుండి చూచినట్లును, తొట్టిని పైనుండి వంగి చూచినట్లును వ్రాసి, రెండు చూపులు కలియు చోట అతుకును దాచక వదలెను. మనిషి నిలుచుండి అద్దమును చూచును, తల వంచి తొట్టిని చూచును. ఏ కెమెరాయు ఒక్క క్షణమున అట్లు చూడజాలదు. ఆ అద్దమున చిత్రకారుని ముఖము సైతము లేదు.

ఇక గ్రాన్ వియా సంగతి. మాడ్రిడ్ నగరపు నడిబొడ్డున నున్న ఆ రాజవీథిని ఆయన 1974 మొదలు 1981 వరకు చిత్రించెను. మీటరు చదరమైనను లేని పటమది! వేసవి దినములలో తెల్లవారుజామున వీథి నిర్మానుష్యముగా నుండగా, సుమారు ఆరున్నర గంటలకు ఆయన కోరిన వెలుగు మేడల శిఖరములపై వ్రాలును. ఇరువది ముప్పది నిమిషములలో అది మారిపోవును. మారిన వెలుగున వ్రాసినచో అది వేరొక వీథి యగును గనుక, మారగానే పని కట్టిపెట్టి వెడలిపోయి, మరునాడు మరల ఆ వేళకే వచ్చి నిలువవలయును. వేసవి గడచినచో మరుసటి వేసవి వరకు పటము వేచియుండవలయును. వారమునకొక వ్యాసమును గడువులోపల ముగించి పంపుటకు అలవాటుపడిన నాకు, దినమునకు అరగంట చొప్పున ఏడేండ్లు ఒక్క వీథి మొగసాల నిలుచుట యనగా ఏమో మొదట బోధపడలేదు. నా వ్యాసములు చాలవరకు ముగిసినందువలన గాక, గడువు వచ్చినందువలన ముగిసినవి. ఆయన పటములు గడువెరుగవు.

అయినను క్విన్స్ చెట్టు ఆయనను ఓడించెను. చెట్టు తలమీద పడు ఎండను పట్టవలెనని తైలవర్ణములతో ఆరంభించినాడు. అక్టోబరు రాగానే ఆకాశము కమ్ముకొనెను. వానకు తడియకుండ చెట్టునకంతటికిని పందిరి వేసెను. ఎండ మాత్రము రాలేదు. ఇంతలో పండ్లు బరువెక్కి కొమ్మలు దినదినమును క్రిందికి దిగజొచ్చెను. ఆకులపై పెట్టిన తెల్లని గీతలు దేనిని నిలిపి యుంచుటకు పెట్టబడినవో, దాని పతనమునే కొలుచునవి యాయెను. ఒక పండు క్రిందికి దిగినపుడు పటమునందలి పండును చెరిపి కొంత దిగువన వ్రాసెను. కొన్ని వారములు పెనుగులాడి ఆ తైలచిత్రమును నేలమాళిగకు చేర్చి, పెన్సిలు పుచ్చుకొని అదే చెట్టును మొదటినుండి గీయ మొదలుపెట్టెను. ఎండను వదలుకొన్నాడు, రూపమునైనను దక్కించుకొందమని. డిసెంబరులో పండ్లు రాలుచుండగా అదియు నిలిచిపోయెను.

ఈ చలనచిత్రమును రెండవమారు చూచిన పిమ్మట నేనును ఒక పెన్సిలు పుచ్చుకొని మా పెరటి దబ్బచెట్టు నెదుట కూర్చుంటిని. ఒక కొమ్మ, రెండు కాయలు, అంతకు మించి ఆశ లేదు. ఆకు కొనపై సున్నపు చుక్క యొకటి పెట్టి, వెనుక గోడమీది ఇటుక వరుసతో సరిచూచుకొంటిని. నాలుగవనాటికి ఆ చుక్క ఇటుక వరుసను దాటి వ్రేలెడు క్రిందికి దిగెను. ఇరువది యేండ్లుగా ఆ చెట్టు క్రిందనే కాఫీ త్రాగుచున్నాను. అది కదలునని ఎరుగను. నాడు నాకు కలిగినది విచారము కాదు, ఒక చుట్టమును మొదటిసారి సరిగా చూచినట్టి సిగ్గుతో కూడిన సంతోషము.

శిల్పములయందును ఆయనది ఇదే తపస్సు. కొయ్యతో చెక్కి రంగులు పూసిన ‘పురుషుడు, స్త్రీ’ అను జంటను 1968లో మొదలిడి 1994లో చాలించెను. రేయినా సోఫియా ప్రదర్శనశాలలో నున్న ఆ యిరువురు దిగంబరులై, ఒకరినొకరు తాకక, ఏ పౌరాణిక నామమును లేక ఊరక నిలుచుండియుందురు. వీరులను, దేవతలను చెక్కుటకన్న, ఊరక నిలుచున్న మనుష్యులను చెక్కుటయే కష్టమని నాకు తోచును. మాడ్రిడ్ అతోచా రైలు నిలయమున 2008లో ప్రతిష్ఠింపబడిన రెండు మహత్తరమైన శిశుశిరస్సులు కంచువి. మనుమరాలి ముఖమే వానికి మూలము. కన్నులు తెరచినది పగలు, మూసినది రాత్రి. రైలు దిగి త్వరపడి నడచు జనుల నడుమ ఒక పసిబిడ్డ నిదురించుట కన్న ఆ స్థలమునకు తగిన శిల్పము మరియొకటి నాకు తోచదు.

ఆయన రచనలలో నాకు మనసునకు హత్తుకొననిది స్పెయిన్ రాజకుటుంబ చిత్రము. 1994 ప్రాంతమున ఆరంభమైన ఆ పటము 2014లో జనులకు చూపబడునప్పటికి, అందు రాజుగా నిలుచున్న హువాన్ కార్లోస్ సింహాసనమును విడిచియుండెను; యువకుడుగా చిత్రింపబడిన కుమారుడే రాజైయుండెను. ఇరువదియేండ్ల శ్రమ పూజ్యమే. కాని దానిని ఛాయాచిత్రముల ఆధారముతో వ్రాయవలసివచ్చెను. పటమునందలి ఆ కుటుంబపు టైదుగురి యెదుట దినదినము నిలుచు భాగ్యము ఆయనకు దక్కలేదు. ఆ కొరత పటమునందు తెలియుచున్నదని నా నమ్మకము.

ఏలయన, చెట్టును ఫొటో తీసి దానిని చూచి వ్రాయరాదా యని చలనచిత్రమున అడిగిన అతిథితో, చెట్టు ప్రక్కన ఉండుటయే తనకు పటముకన్న ముఖ్యమను భావమును ఆయన తెలుపును. ఆ మాటలకన్న నాకు మరపురాని ఘట్టము వేరొకటి గలదు. సాన్ ఫెర్నాండో నాటి సహాధ్యాయి, చిత్రకారుడు ఎన్రీకే గ్రాన్, ఒకనాడు మిత్రుని చూడవచ్చెను. ఒక ఆకు వ్రాలి పండును కప్పివేయుచుండగా, ఎన్రీకే ఒక కర్రపుల్లతో దానిని మెల్లగా పైకెత్తి పట్టుకొని నిలిచెను. లోపెజ్ గీయుచుండెను. ఇరువురును వయసు మీరిన గొంతులతో ఒక పాత పాటను ఎత్తుకొని, చరణము మరచినచోట ఒకరికొకరు అందించుకొనుచు పాడుచుండిరి.