మిరుగం చేప, ఉప్పు చేప

జూన్ 8 దగ్గర్లో మృగశిర కార్తె వస్తుంది. తెలంగాణలోని మడికొండ వాళ్లకు అది మిరుగం. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు కాగాల్సిందే. చేప తిననివాళ్లు ఇంగువ కలిపిన బెల్లం మింగుతారు. గిరాకీ అంతా కొర్రమట్టకే. అది గాలి పీల్చి బతికే చేప. బొక్కెనలో కొద్దిపాటి నీళ్లున్నా చావదు కనుక, కొనేవాళ్లు కదులుతున్నదాన్నే ఏరుకుంటారు. ఒళ్లంతా జిగట కాబట్టి బూడిద పట్టించి బండకు రుద్దితే గానీ చేతికి చిక్కదు.

ఇంచుమించు అదే సమయంలో నెదర్లాండ్స్‌లోనూ చేపల పండగే. జూన్ మధ్యలో కొత్త హెర్రింగ్ చేప ఒడ్డు చేరుతుంది. స్కెవెనింగెన్ రేవులో పడవలకు జెండాలు కడతారు. తోక పట్టుకుని, తరిగిన ఉల్లిపాయల్లో అద్ది, తల వెనక్కి వంచి కొరుక్కుతింటారు. పొయ్యితో పనే లేదు.

పనంతా కత్తిది, ఉప్పుది. నూనె ఎక్కువున్న ఈ చేప ఇట్టే పాడవుతుంది. అందుకే పట్టిన వెంటనే మొప్పలనూ పేగుల్లో కొంత భాగాన్నీ లాగేసి, క్లోమాన్ని మాత్రం లోపలే ఉంచుతారు. అందులోని ఎంజైములు ఉప్పులో నెమ్మదిగా పనిచేసి మాంసాన్ని మెత్తబరుస్తాయి, రుచి తెస్తాయి. ఈ పద్ధతిని 14వ శతాబ్దంలో బీర్‌వ్లీట్‌కు చెందిన విల్లెమ్ బ్యూకెల్‌సూన్ కనిపెట్టాడని డచ్చివాళ్లు చెప్పుకుంటారు. ఏది పారేయాలో తెలిసినవాళ్లు ఎందరో ఉంటారు. ఏది ఉంచాలో పసిగట్టినవాడిదే అసలు పనితనం. ఇప్పుడు పురుగుల భయంతో ముందుగా గడ్డకట్టిస్తారు. కొవ్వు కనీసం 16 శాతం లేకపోతే కొత్త హెర్రింగ్ అన్న పేరే దక్కదు.

ఆ కొవ్వు వసంతంలో సముద్రంలోని చిన్న చిన్న జీవులను మేసి కూడబెట్టుకున్నది, గుడ్లు పెట్టేందుకు దాచుకున్నది. అంటే మనిషి చేపను దాని కాన్పుకు ముందే పట్టి తింటున్నాడు. మిరుగం కొర్రమట్ట కథా అంతే, వానలు పడగానే గుడ్లు పెట్టాల్సిన చేప అది. ఉత్తర సముద్రంలో వేట మితిమీరి హెర్రింగ్ అడుగంటడంతో 1977లో వేటే ఆపేయాల్సి వచ్చింది. 1980ల మొదట్లో గానీ మళ్లీ పూర్తిగా తెరవలేదు. హెర్రింగ్‌కు మన చుట్టం పులస. అది గోదావరికి ఎదురీది వచ్చే దారికి 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుపడింది.

ఇక మన చెరువుల సంగతికొస్తే, బొచ్చ, రవ్వ చేపలు చెరువు నీళ్లలో గుడ్లు పెట్టవు కాబట్టి ఏటా పిల్లలను పోయాల్సిందే. రాష్ట్ర చేప కొర్రమట్ట మాత్రం చెరువులోనే కని, తల్లీతండ్రీ కలిసి కాపలా కాస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు తేలిన చోట పెద్ద చేపలు కదలకుండా ఉంటాయి, అందుకే వలకు సులువుగా దొరుకుతాయి. మడికొండ చుట్టుపక్కల మత్స్య సంఘాలు ఆ గుంపుల మీద వల వేయకూడదని ఈ వానాకాలంలోనే తీర్మానం చేసుకోవాలి.