విప్పితే మళ్ళీ పాత బండే

అడవి దారులకు తయారుచేసిన పికప్ కనబడితే జనం ముందుగా దాని ముఖమే చూస్తారు. ఎత్తైన టైర్లు, నెత్తిన లైట్ల పట్టీ, అద్దం పక్కన పైకి లేచిన గాలి గొట్టం. ఆ బండి మీద పనిచేసిన మేస్త్రీ చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే మాత్రం కింద చాప పరుచుకుని వెల్లకిలా దూరాలి. కమాన్ కట్టల దగ్గర, యాక్సిల్ మీద, చాసిస్‌కు బిగించిన బోల్టుల దగ్గర చూడాలి. మంచి పనినీ వట్టి అలంకారాన్నీ నేను అక్కడే వేరు చేస్తాను.

ఇలాంటి పనికి నాకు బాగా నచ్చిన బండి ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్. అది మన నేల మీద తయారైన బండి. శ్రీసిటీలో 107 ఎకరాల్లో కట్టిన ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఏడాదికి 50 వేల బళ్ళు తొలి దశ సామర్థ్యం. వి-క్రాస్ అమ్మకానికి వచ్చిందీ ఆ ఏడాదే. అంతకుముందు నాలుగు చక్రాలూ లాగే పికప్ కావాలంటే మహీంద్రా బొలేరో క్యాంపర్, స్కార్పియో గెట్‌అవే, టాటా జెనాన్ లాంటివే దిక్కు. మొదటి విడత వి-క్రాస్‌లు ఇప్పుడు పాతబడి చేతులు మారుతున్నాయి. 2499 సీసీ డీజిల్ ఇంజను, 320 న్యూటన్ మీటర్ల టార్కు, ఐదు గేర్లు. పక్కన ఒక మీట తిప్పితే రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు, అవసరమైతే లో గేరుకు మారుతుంది. ఇంజనుకు ఇంకా బలం కావాలని కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చేవాళ్ళున్నారు. నా దృష్టిలో ఆ ఖర్చు దండగ. అడవిలో ఈ బండికి తక్కువయ్యేది బలం కాదు.

తక్కువయ్యేదేమిటో దాని కొలతలే చెబుతాయి. పొడవు 5295 మిల్లీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 3095. అంటే చక్రాల మధ్యే పదడుగులు. నేలకూ బండి అడుగుకూ మధ్య జాగా 225 మిల్లీమీటర్లు. ఇంత పొడుగు బండి దిబ్బ ఎక్కితే నడుం ఆనుతుంది. ఒర్రె దిగి ఎక్కేటప్పుడు వెనక బంపరు నేలను గీరుతుంది. పని అక్కడ మొదలుపెట్టాలి.

ఎంత పని, ఎలాంటి పని అన్నది నేల చెబుతుంది. ఈ విషయంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మంచి పరీక్ష పెడతాయి. జనగామ దిక్కు ఎర్ర చెల్కలు, మొరం దారులు, మధ్యమధ్య గ్రానైటు గుండ్లు. అక్కడ దెబ్బ తగిలేది బండి అడుక్కి, టైరు పక్క గోడకు. మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చి గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు తిరిగితే అడవి, వాగులు. ఆకేరు, పాలేరు పారేది ఈ జిల్లాలోనే. మున్నేరు పుట్టేది పాకాల దిక్కున. భూపాలపల్లి చేరితే వానకు చక్రాన్ని పట్టుకుని వదలని రేగడి, బొగ్గు గనుల బరువు లారీలు చీల్చిన దారులు, మహదేవపూర్ దాటి కాళేశ్వరం పోతే గోదావరి ఇసుక. రాయి, నీరు, బురద, ఇసుక నాలుగూ ఒక్క ప్రయాణంలోనే ఎదురొస్తాయి. ఒక్కదాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన బండి మిగతా మూడింటి దగ్గర ఇబ్బంది పడుతుంది.

ముందు కమాన్ల సంగతి. వి-క్రాస్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. కమాన్లు వందల కిలోల సరుకు మోయడానికి చేసినవి కాబట్టి ఖాళీ డెక్కుతో పోతే ప్రతి గుంతకూ వెనక భాగం ఎగిరిపడుతుంది. బస సామాను ఎక్కిస్తే లెక్క మారుతుంది. నీళ్ళ ట్యాంకు, సొరుగులు, గుడారం, బ్యాటరీ కలిపి రెండు మూడు వందల కిలోలు ఎప్పుడూ డెక్కులోనే ఉంటాయి. సరుకు బండిలో బరువు ఎక్కుతుంది, దిగుతుంది. ఇక్కడ దిగదు. ఆ నిలకడ బరువుకు పట్టీలు ఎన్ని ఉండాలి, ఎంత మందం, ఎంత వంపు అని తేల్చడం కమాన్ మేస్త్రీ విద్య. మంచి మేస్త్రీ సామానంతా ఎక్కించుకుని రమ్మంటాడు. ఖాళీ బండి చూసి కొలత చెప్పేవాడి దగ్గర పని చేయించకండి.

పాతబడి వంపు పోయిన పట్టీని లేపడానికి రెండు దారులున్నాయి. కొలిమిలో కాల్చి వంచడం సులువు. కానీ స్ప్రింగు ఉక్కుకు ఉన్న పదును ఆ వేడికి పోతుంది. మళ్ళీ సరైన వేడిలో నూనెలో ముంచి, ఇంకోసారి తగుమాత్రం కాల్చి పదును తేకపోతే పట్టీ త్వరలోనే చతికిలబడుతుంది. రెండోది చల్లగా కొట్టడం. పట్టీని దిమ్మె మీద ఆనించి, లోపలి వంపు వైపు నుంచి సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోతారు. ఒక్కో దెబ్బకు వచ్చే వంపు కంటికి ఆనదు. పట్టీ చివరికి చేరేసరికి కావలసిన వంపు తిరిగి ఉంటుంది. ఇందులో మేస్త్రీ జాగ్రత్త చూడాలంటే సుత్తి ముఖం చూడాలి. అంచులు అరగదీసి, ముఖం నున్నగా, కాస్త గుండ్రంగా ఉంచుకుంటాడు. బరువు పడినప్పుడు పట్టీ సాగేది ఆ లోపలి ముఖం మీదే. సుత్తి అంచు తగిలి అక్కడ చిన్న గాటు పడినా చీలిక ఆ గాటు నుంచే మొదలవుతుంది. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు లేపే విశ్వకర్మలు తరతరాలుగా పనిచేస్తున్న ఊరు. ఇనుప పట్టీ మీద సమాన దూరంలో పడిన దెబ్బల వరస చూసినప్పుడల్లా నాకు ఆ ఊరి పేరే గుర్తుకొస్తుంది.

బిగింపులోనూ చూడదగిన పని ఉంది. పాత యూ-బోల్టులు ఒకసారి సాగినవి కనుక కొత్తవే వేయాలి. కమాన్ కన్నుల్లోని రబ్బరు బుష్షులకు వేసే బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన ఎత్తులో నిలిచాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. ఎత్తు పెంచినా ఒకటిన్నర అంగుళం చాలు. అంతకు మించితే ముందు యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి వాటి రబ్బరు తొడుగులు చిట్లుతాయి. బండి మలుపులో పక్కకు వాలుతుంది కూడా. మూడంగుళాలు లేపిన బండి ఫొటోలో బాగుంటుంది, అంతే.

నీటి దగ్గరకొస్తే, అందరూ గాలి గొట్టం గురించి అడుగుతారు. నేను బ్రీథర్ గొట్టం గురించి అడుగుతాను. డిఫరెన్షియల్ పెట్టెకు పైన గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దూరం నడిచి వేడెక్కిన పెట్టె ఒక్కసారిగా చల్లటి వాగు నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు ఆ రంధ్రంలోంచో, ఆయిల్ సీలు అంచులోంచో నీరు లోపలికి వెళుతుంది. తర్వాత డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తుంది. గేర్లు అరిగేది అప్పుడే. దీనికి మందు రెండు మీటర్ల రబ్బరు గొట్టం. ముందు, వెనక డిఫరెన్షియల్‌ల నుంచి, గేర్ పెట్టె నుంచి గొట్టాలు తీసి, సైలెన్సర్ వేడి తగలకుండా చాసిస్ వెంట నడిపి, బానెట్ కింద ఎత్తున ఒక చిన్న ఫిల్టరుకు కలుపుతారు. చక్రం కిందికి జారినప్పుడు లాగకుండా గొట్టంలో కొంత వదులు వదలాలి. ఆ వదులు ఎంత ఉందో చూస్తే చేసినవాడు అడవి దారిలో బండి నడిపాడో లేదో తెలిసిపోతుంది. బండి మొత్తంలో చవకైన మార్పు ఇదే, నన్నడిగితే గొప్ప మార్పూ ఇదే.

గాలి గొట్టం ఇంజనులోకి నీరు పోకుండా కాపాడుతుంది. వరదను ఆపదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలం మోరంచపల్లిని ముంచెత్తితే ఊరివాళ్ళను హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే వరదకు కొట్టుకుపోయింది. రెండడుగుల లోతున ఉరికే నీరు పికప్‌ను సైతం తేల్చి పక్కకు నెట్టగలదు. వానాకాలంలో కల్వర్టు మీద నీరు పారుతుంటే ఎంత బాగా చేసిన బండైనా ఆగాల్సిందే.

రాళ్ళ కోసం చేసే పనిలో నేను చూసేది ఒకటే. వెల్డింగా, బోల్టా? తలుపుల కింద రాయి తగలకుండా కాపాడే గొట్టపు కడ్డీలను కొందరు నేరుగా చాసిస్‌కు వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట చాసిస్ ఉక్కు గుణం మారుతుంది. దారి అదురుకు అతుకు పక్కనే చీలిక వస్తుంది. తెలిసినవాడు చాసిస్‌కు సరిపోయే పలక కోసి, కడ్డీని ఆ పలకకు వెల్డింగ్ చేసి, పలకను చాసిస్‌కు ఉన్న కంపెనీ రంధ్రాల్లోనే బోల్టులతో బిగిస్తాడు. కొత్త రంధ్రం ఒక్కటీ వేయడు. ఇంజను కింది కాపు రేకుదీ అదే తీరు. నాలుగు మిల్లీమీటర్ల రేకు, ఆయిల్ మార్చడానికి తెరుచుకునే కిటికీ, రాయి గీరినా తల అరగకుండా లోపలికి దించిన బోల్టులు.

చట్టం కూడా ఈ దారినే నడవమంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. ముందు బంపరుకు అడ్డంగా కట్టే ఇనుప కడ్డీల చట్రాలను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. ఎదురొచ్చిన మనిషికి అవి ప్రాణాంతకం. ఎత్తు, టైరు కొలత లాంటివి ముట్టుకునే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. నాలుగు స్పానర్లతో ఒక పూటలో అన్నీ విప్పితే బండి మళ్ళీ శ్రీసిటీ గేటు దాటిన బండి కావాలి. ఈ విద్యలో నేను ఉత్తమ పని అనేది దాన్నే.

టైర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 245/70 ఆర్16 బదులు 245/75 ఆర్16 వేస్తే చక్రం దాదాపు 25 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగమే. మీటరు 60 చూపినప్పుడు బండి 62లో పోతుంటుంది. అసలు మేలు టైరు కొలతలో కంటే గాలిలో ఉంది. గోదావరి ఇసుకలో 18 పాయింట్లకు దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. దించినవాడు తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపుకోవాలి కాబట్టి చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి.

ఇక డెక్కు. పొడవూ వెడల్పూ సుమారు ఐదేసి అడుగులు. మనిషి కాళ్ళు చాపుకోలేడు. వెనక తలుపు దించితే మరో అడుగున్నర కలిసి ఆరడుగుల మనిషికి జాగా దొరుకుతుంది. ఆ తలుపు మీదికి జరిగే పలకను కింది సొరుగుల మూతగా వాడుకునే ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఒకే పలక పగలు వంట బల్ల, రాత్రి మంచం. దానికి నీరు పట్టని 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అంచులకు అల్యూమినియం పట్టీ. సొరుగు మూసినా తెరిచినా కదలకుండా తాళం పడాలి. లేకపోతే మొదటి ఎత్తు మీదే వెనక ఉన్నదంతా జారిపోతుంది. నీళ్ళ ట్యాంకు బరువైనది కనుక వెనక యాక్సిల్‌కు ముందు, డెక్కు అడుగున ఉండాలి. నీరు ఊగి బండిని లాగకుండా లోపల అడ్డు పలకలు వేయాలి. గ్యాస్ సిలిండర్ నిలువుగా నిలబెట్టి, అది ఉండే అరకు అడుగున రంధ్రాలు వేస్తారు. వంట గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి కారితే కిందికే పోతుంది. రంధ్రాలు పైన వేసిన అర చూస్తే ఆ మేస్త్రీ కట్టిన మిగతా పనంతా మళ్ళీ చూసుకోవాలి.

వైరింగ్ దగ్గర ఓపిక తెలుస్తుంది. రెండో బ్యాటరీ నుంచి బయల్దేరిన తీగకు జానెడు దూరంలోనే ఫ్యూజు. రేకు దాటే ప్రతి చోటా రబ్బరు ఉంగరం. అడుగడుగునా బిగింపు క్లిప్పు. తీగ కొసలకు టంకం వేయకుండా నొక్కి బిగించిన కొసలు. టంకం వేసిన చోట తీగ గట్టిపడి, అదురుకు దాని పక్కనే తెగుతుంది. ప్రతి తీగ మీదా తెలుగులో పేరు రాసి అంటించిన బోర్డు కనబడితే ఆ మేస్త్రీకి చేతులెత్తి మొక్కవచ్చు. రాత్రిపూట అడవిలో టార్చి పట్టుకుని వెతికేవాడి అవస్థ అతను ముందే ఊహించాడు.

ఇంత శ్రద్ధగా చేసిన బండి ఎక్కడికైనా పోగలదు. అన్నిచోట్లకూ పోవడం తగదు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా వాటిలోకి బండి తోలడం, రాత్రి దిగడం నేరం. గూడూరు, కొత్తగూడ వైపు వెళ్ళేవాళ్ళు అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి, వాళ్ళు చూపిన చోటే గుడారం వేయండి. తండాల పక్కన ఆగితే చేను ఎవరిదో కనుక్కుని అడగండి. రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో ఆదిమానవులు వేసిన రాతి బొమ్మలున్నాయి. ఆ రాళ్ళ నీడన మాత్రం పొయ్యి వెలిగించకండి.