ఒత్తు లేని అమ్మ

సమీక్షలంటే కవితా సంపుటాల మీదా, సీరియల్ నవలల మీదా రాసేవేనని ఎవరు నిర్ణయించారో గానీ, నా బీరువాలో చీరల మడతల మధ్య దాచుకున్న సాహిత్యం గురించి ఇంతవరకూ ఏ విమర్శకుడూ ఒక ముక్క రాయలేదు. మా వారయితే దాన్ని చెత్త అని ఒకే మాటలో సమీక్షించేశారు. అందుకని నేనే పూనుకోవలసి వచ్చింది.

ముందు ఈ రచన చిత్తగించండి. నోటుపుస్తకంలోంచి చింపిన సగం కాగితం, పెన్సిలు రాత. రచయిత్రి మా అమ్మాయి, వయసు అప్పటికి ఆరేళ్ళు.

"అమా, నెను అనం తినను. నా కోసం వెతకదు. నెను మంచం కింద ఉనాను."

మూడే వాక్యాలు. మొదటిదాంట్లో తిరుగుబాటు, రెండోదాంట్లో ఆజ్ఞ, మూడోదాంట్లో రెండూ నీరుగారిపోవటం. వెతకద్దంటూనే చిరునామా ఇచ్చేసింది చూడండి! పైగా ఆ "వెతకదు" దగ్గర ఒక్క క్షణం ఆగాలి. దకారానికి ఒత్తు లేకపోవటం వల్ల "నువ్వు వెతకద్దు" అన్నది కాస్తా "అమ్మ నా కోసం వెతకదు" అయి కూర్చుంది. కావాలని వేసిన శ్లేష కాదనుకోండి. కానీ అలిగి మంచం కింద దూరిన పిల్లకి అసలు భయం అదే కదా! ఒత్తు ఉండి ఉంటే ఆ భయం మనకి కనిపించేదే కాదు.

ఇక రెండో రచన, మా మనవరాలిది. మదర్స్ డే కోసం బడిలో చేయించిన కార్డు. ఎర్రకాగితం గులాబీ, చుట్టూ చమ్కీ పొడి, లోపల ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన తల్లివి నువ్వేనని ఇంగ్లీషులో ఒక వాక్యం. ఆ క్లాసులో ముప్ఫైమంది పిల్లలుంటే ముప్ఫైమంది తల్లులూ ప్రపంచంలోకెల్లా ఉత్తములే. చమ్కీ, చార్టు, జిగురు కావాలని పిల్ల రాత్రి తొమ్మిదింటికి చెబితే, మా అమ్మాయి షాపు మూసేలోపు పరుగెత్తి తెచ్చింది. పిల్ల నిద్రపోయాక గులాబీ కత్తిరించింది కూడా తనే. మర్నాడు దాన్ని అందుకుని ఆశ్చర్యపోవలసిందీ తనే.

ఈ పండగ మొదలుపెట్టినావిడ చూస్తే ఏమనేదో! అమెరికాలో ఆనా జార్విస్ అనే ఆవిడ, 1905లో చనిపోయిన తన తల్లి జ్ఞాపకార్థం 1908 మేలో గ్రాఫ్టన్ అనే ఊరి చర్చిలో ప్రార్థన ఏర్పాటు చేయించింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని మాతృదినంగా ప్రకటించాడు. తీరా పువ్వులవాళ్ళూ కార్డులవాళ్ళూ దాన్ని వ్యాపారం చేసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అమ్మకి చేత్తో నాలుగు ముక్కలు రాయటానికి బద్ధకించి అచ్చుకార్డు కొంటారా అని మండిపడి, 1948లో పోయేదాకా ఆ పండగతోనే పోరాడింది. పాపం, ఆవిడకి పిల్లల్లేరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ కార్డు వెనక, టీచరు చూడని చోట, మనవరాలు సొంతంగా ఒక బొమ్మ వేసింది. వాళ్ళమ్మా, భుజాన హ్యాండుబ్యాగూ. బ్యాగు మూసే ఉంది గానీ లోపలి తాళాలూ, టిఫిను డబ్బా, ఫోనూ అన్నీ కనిపిస్తున్నాయి. పిల్లలు కంటికి కనిపించేది కాదు, తమకు తెలిసింది వేస్తారని ల్యూకే అనే ఫ్రెంచి పండితుడు పిల్లల బొమ్మల మీద 1927లో వచ్చిన పుస్తకంలో చెప్పాడు. ఈ పిల్లకి తెలిసింది ఏమిటంటే, బ్యాగులో అన్నిటికంటే పెద్దది ఫోను. దాదాపు వాళ్ళమ్మ తలకాయంత ఉంది. మా అమ్మాయి ముందువైపు గులాబీని ఫోటో తీసి అందరికీ పంపింది. వెనకవైపు తిప్పి చూసింది నేనే.

ఇంత గొప్ప విమర్శకురాలిని గదా, ఆ మంచం కింది ఉత్తరం అందిన రోజున నేనేం చేశానో కూడా చెప్పాలి. ఎర్రసిరా కలం తీసుకుని తప్పులన్నిటికీ సున్నాలు చుట్టాను. పిల్లని మంచం కిందనుంచి లాగి, "అమ్మ" అని పదిసార్లు రాయించాను. తల్లి కదా, చదువు రావాలని బెంగ!

చదువు వచ్చింది. చీటీలు మాత్రం ఆగిపోయాయి. మళ్ళీ తన చేతిరాత నేను చూసింది పదహారో ఏట, హాస్టలు నుంచి వచ్చిన ఇన్‌లాండు ఉత్తరంలో. "ఇక్కడ నేను క్షేమం. పరీక్ష ఫీజు కట్టాలి, డబ్బు పంపించండి." ఒక్క తప్పు లేదు, ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ముచ్చటపడి ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా చూపించాను. అది రాసిననాటికి తను పది రోజులుగా జ్వరంతో పడి ఉందని, సెలవులకి ఇంటికొచ్చాక తన స్నేహితురాలు చెబితే తెలిసింది. ఎందుకు రాయలేదే అంటే, "రాస్తే ఏమంటావో అని" అంది.

పోయిన వారం మనవరాలు నాకో చీటీ రాసింది. "అమమ, నువు ఊరు వెలకు." మా అమ్మాయి చూసి, "అయ్యో, అన్నీ తప్పులే" అంటూ పెన్ను కోసం అటూ ఇటూ చూసింది. నేను కాగితం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రయాణం కూడా రెండు రోజులు వాయిదా వేసుకున్నాను.