రాయవాచకము: సాక్ష్యముగా దాని విలువ

తెలుగు వచన వాఙ్మయమున రాయవాచకమునకు విశిష్టస్థానము కలదు. శ్రీకృష్ణదేవరాయల కొలువులో జరిగిన వృత్తాంతములను కాశీ విశ్వనాథనాయనివారి స్థానాపతి తన ప్రభువునకు వ్రాసి పంపిన విన్నపముగా ఈ గ్రంథము నడచును. వేగులవారు వార్తలు తెచ్చుట, రాయలు మంత్రులతో ఆలోచన చేయుట, సేనలు కదలుట మున్నగునవి కన్నులకు గట్టినట్లుండును. ఈ గుణమే చదువరిని సులభముగా నమ్మించును. నేడు అంతర్జాలమున ఇట్టి గ్రంథములలోని మాటలు కర్తృకాలముల ప్రసక్తి లేకయే చేతులు మారుచు, చూచినవాని సాక్ష్యముగా చెల్లుచున్నవి. కావున దీని ప్రామాణ్యమును విచారింపవలసియున్నది.

మొదట విచారింపదగినది కాలము. రాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలెను. గ్రంథము తాను ఆనాడే పుట్టినట్లు చెప్పుకొనును. కాని ఫిలిప్ వాగొనర్ 1993లో ప్రకటించిన ఆంగ్లానువాదమున, ఇది 1600 ప్రాంతమున మధుర నాయకుల కొలువులో రచితమైనదని సహేతుకముగా ప్రతిపాదించెను. అహమ్మదునగరము, విజాపురము, గోలకొండల సుల్తానులు ఏకమై రాయలపై వచ్చినట్లు ఇందు గలదు. ఈ కూటమి 1565 నాటి తళ్ళికోట యుద్ధమును స్ఫురింపజేయును. నాటి పరాజయమును ఇందు రాయల విజయముగా తిరుగవ్రాసిరని తోచును.

రెండవది ప్రయోజనము. విజయనగరము క్షీణించిన పిమ్మట మధుర నాయకుల అధికారమునకు ఒక మూలము చూపవలసివచ్చెను. రాయల వైభవముతో తమ వంశమును ముడివేయుట అందులకు అనువైన మార్గము. కర్త అబద్ధమాడెనని దీని భావము కాదు. అతడు ఎవరి కొలువున నిలిచి మాటాడెనో గుర్తింపవలెనని మాత్రమే.

మూడవది తులనము. 1520 ప్రాంతమున పేయిష్ విజయనగరమును స్వయముగా చూచి వ్రాసెను. గుఱ్ఱముల వర్తకుడైన నూనిజ్ 1535 ప్రాంతమున వ్రాసినాడు గనుక, రాయలనాటి సంగతులను ఇతరులవలన వినియే యుండవలెను. ఇరువురును పోర్చుగీసువారే యైనను వారి సాక్ష్యములు సమానములు కావు. శాసనములందు సైతము ప్రశస్తిభాగము వేరు, దానభాగము వేరు. 1516లో రాయలు సింహాచలమున సమర్పించిన కానుకలను తెలుపు వాక్యములను నమ్మినంతగా బిరుదావళిని నమ్మరాదు. అయినను బిరుదులును ఒక్కొక్కయెడ ఉపకరించును. రాయవాచకము సుల్తానులను కేవలము అధర్మపరులుగా చిత్రించుచుండగా, రాయలకు ‘యవనరాజ్య స్థాపనాచార్య’ బిరుదము కలదు. ఒక కొలువు తన వైరము చెప్పుకొన్న తీరు ఒకటి, రాజు తన రాజనీతి చాటుకొన్న తీరు మఱియొకటి.

అట్లని రాయవాచకమును త్రోసిపుచ్చరాదు. అది 1510 నాటి సంగతులకు బలహీన సాక్షి. 1600 నాటి మధురలోని తెలుగువారు విజయనగరమును ఎట్లు స్మరించిరో తెలుపుటకు ఉత్తమ సాక్షి. తమిళనాట తరతరములుగా నున్న మనకు ఈ రెండవ విలువయే అమూల్యము. అది మన పూర్వుల మనస్సును మనకు చూపుచున్నది.

కాని ఇక్కడనే మనము మిక్కిలి జాగరూకులము కావలెను. నాయకుల చరిత్ర మనకు ఇంటికథ వంటిది గనుక, పొగడ్తను పరీక్షింపక స్వీకరించుటకు మనస్సు ఒగ్గును. నచ్చని మాటకు ఆధారమడిగినట్లే నచ్చిన మాటకును అడుగుట విమర్శకధర్మము. ఏ ఘట్టమునైనను అంతర్జాలమున నిలుపునప్పుడు గ్రంథనామమును, కాలమును, రచనకు ఆశ్రయమైన కొలువును తప్పక తెలుపవలెను. అట్లు చేయనిచో మన బిడ్డలు 1600 నాటి కోరికను 1510 నాటి చరిత్రగా నేర్చుకొందురు.