పరిశోధనార్హత: ఏ తెలుగుకు కొలత?

తెలుగులో పిహెచ్.డి. చేయదలచిన విద్యార్థికి రెండు గడపలున్నాయి. మొదటిది ప్రవేశం. ఇందుకు నెట్ మార్కులను వాడుకొనవచ్చునని యు.జి.సి. 2024లో ప్రకటించింది. ఫెలోషిప్ రాక, పిహెచ్.డి. ప్రవేశానికే అర్హులైన వారికి నెట్ పాలు 70 శాతం, ఇంటర్వ్యూ పాలు 30 శాతం. రెండవది, 2022 నిబంధనల మేరకు, కనీసం 12 క్రెడిట్ల కోర్సులో 55 శాతం మార్కులు.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఇంట తెలుగు, బడిలో కన్నడం చదివి, కళాశాలలో మాత్రమే తెలుగు లిపి నేర్చిన విద్యార్థులున్నారు. చింతామణి తాలూకా కైవారం నారాయణ తాతయ్య తెలుగు కీర్తనలను వారు కన్నడ లిపిలోనే చదివి పాడుకున్నారు. నెట్‌లో మూడు గంటలలో 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఏ కావ్యం ఎవరిదో అవి అడగగలవు. ఒక పాఠాన్ని పరిష్కరించి చూపమని అడగలేవు. ‘చదువు’, ‘చేను’ మాటల్లో చకారం రాతకు ఒకటే, పలుకుకు వేరు. ఆ తేడా పట్టే చెవికి అక్కడ మార్కు లేదు.

సాహిత్య చరిత్ర తెలియనివాడు పరిశోధకుడెలా అవుతాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ లోటు ఏడాది చదువుతో తీరుతుంది. పలుకుబడి ఎరుక అంత త్వరగా అబ్బదు.

మేము కోరేది సడలింపు కాదు. ఆ 12 క్రెడిట్లలో ఒక పత్రాన్ని పాఠపరిష్కరణకు కేటాయించాలి. కన్నడ లిపిలోని తెలుగు పుటను తెలుగు లిపిలోకి మార్చి, మాండలిక రూపాలకు వివరణ రాయించాలి. ఆ పరీక్షలో గుంటూరు విద్యార్థికి కూడా శ్రమ తప్పదు. బాగేపల్లి విద్యార్థులు మాత్రం అంతవరకు ఆగక, తెలుగు లిపిలో వేగంగా చదవడం ఇప్పుడే అలవరచుకోవాలి. ఇంటి పలుకును తప్పుగా ఎంచి దిద్దుకోవలసిన పని లేదు.